గుడి జరిగిన వైనం

ఊళ్ళో గుడి ఒక్క అడుగు జరిగితే జనం పోగై నానా యాగీ చేస్తారు. అదే అక్షరం మీది గుడి జరిగితే అడిగే దిక్కు ఉండదు. కుటుంబ వికాస ప్రసార మండలి వారి ఉత్తర్వులో సరిగ్గా అదే జరిగింది. 'న' మీద ఉండవలసిన గుడి ఒక్క అక్షరం వెనక్కి వచ్చి 'చ' మీద కూర్చుంది. గుడి హాయిగానే కూర్చుంది. అవస్థంతా భ్రమరాంబకు వచ్చిపడింది.

మండలి వారు చెప్పదలచుకున్నది మంచి మాటే. పిల్లలు, పెద్దలు తేడా లేకుండా అందరూ టీవీల ముందు కూర్చుని ఎగిరే మనుషుల్నీ మాయమయ్యే మనుషుల్నీ నోరు తెరుచుకుని చూస్తున్నారు. అలాంటి మనుషులే ఒక ఇంట్లో కలిసిమెలిసి బతుకుతున్నట్టు ఓ ధారావాహిక తీస్తే, చూసినవాళ్ళ సంసారాలు కూడా బాగుపడతాయని మండలి వారి ఆశ. పేరు 'మహాశక్తి నిలయం'. నూట ఎనిమిది భాగాలు. "గాలిలో ఎగురుట, అదృశ్యమగుట, నిప్పులు కురిపించుట మొదలగు అతీతశక్తులు కలిగి, ఒకరితో ఒకరు కలహించని ఉమ్మడి కుటుంబము" అని చిత్తుప్రతిలో రాసుకున్నారు. టైపయ్యేసరికి అది "కలహించిన ఉమ్మడి కుటుంబము" అయి కూర్చుంది. దాని కింద పదకొండు సంతకాలు పడ్డాయి. చదివాక సంతకం పెట్టే అలవాటు ఆ పదకొండుమందిలో ఒక్కరికీ లేదు.

పైగా పధ్నాలుగో నిబంధన ఒకటి. పాత్రలకు ఏ అర్హతలుంటాయో పాత్రధారులకూ అవే ఉండాలట. అంటే ఎగిరేవాళ్ళు నిజంగా ఎగరాలి, మాయమయ్యేవాళ్ళు నిజంగా మాయమవాలి, కలహించినవాళ్ళు నిజంగా కలహించి ఉండాలి.

మొదటి రెండూ చేయగల కుటుంబం జిల్లా మొత్తానికి ఒక్కటే ఉంది. నేలటూరిపాడు రైల్వే గేటు పక్కన డేరా వేసుకున్న గగనవిహారి నాటక సమాజం. పెద్దాయన రుక్మాంగదం తెర వెనక మీట నొక్కితే రాజుగారు పొగలో మాయమవుతాడు. ఆయన తమ్ముడు కోదండం గుగ్గిలం పొడి చల్లి నిప్పుల వాన కురిపిస్తాడు. రుక్మాంగదం భార్య వనజాక్షి దేవతై గాలిలో ఎగురుతుంది. ఆమె నడుముకు కట్టిన తాడు పైన కప్పీ మీదుగా వెనక్కి వస్తుంది. ఆ తాడు కొసను పట్టుకుని లాగేది కోదండం భార్య భ్రమరాంబ.

ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. తోడికోడళ్ళిద్దరూ ఒకే కంచంలో తినకపోయినా ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఒకరి పిల్లలకు ఒకరు తల దువ్వారు. వనజాక్షి కళ్ళు మూసుకుని గాలిలో తేలుతుంటే, ఆహా ఏం ధ్యానం, ఏం ధ్యానం అని జనం చేతులు జోడించేవారు. తెర వెనక భ్రమరాంబ అరచేతులు కాయలు కాసి చెక్కలయ్యాయి. ఆమెను చూసి ఎవరూ దణ్ణం పెట్టలేదు. తాడు లాగే మనిషికి దణ్ణం పెట్టే ఆచారం ఎక్కడా లేదు మరి.

జనం డేరాకు రావడం తగ్గి మూడేళ్ళయింది. ఈ ధారావాహిక వస్తే సమాజం నిలబడుతుంది. రాకపోతే ఉగాదికి డేరా విప్పేసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాల్సిందే. అప్పుడు వనజాక్షి కొడుకు దగ్గరికి ఒంగోలు, భ్రమరాంబ కూతురి దగ్గరికి బళ్ళారి పోవాలి. ఆ మాట తలుచుకుంటేనే భ్రమరాంబకు అన్నం దిగేది కాదు.

సమాజంలో కాగితాల పని ఆమెదే. ఉత్తర్వు చదవగానే 'చ' మీది గుడిని పట్టేసింది. బావగారిని వెంటబెట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్ళింది.

అక్కడ పరాంకుశం గారని ఒక ప్రత్యేకాధికారి ఉన్నారు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే మాట్లాడేటప్పుడు కూడా కింద సంతకం పెట్టబోతున్నట్టే మాట్లాడతారు.

"అయ్యా, ఇక్కడ గుడి పక్కకి జరిగిందండీ. కలహించని అని ఉండాలి," అని వేలు పెట్టి చూపించింది భ్రమరాంబ.

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కాగితం వైపు మాత్రం చూడలేదు.

"అమ్మా, ఇది ఉత్తర్వు. ఉత్తర్వులో తప్పులుండవు. ఒకవేళ ఉన్నచో వాటిని మేము విధానములందుము."

"పోట్లాడుకునే సంసారాన్ని చూసి జనం ఏం నేర్చుకుంటారండీ?" అన్నాడు రుక్మాంగదం.

"సరియైన ప్రశ్న. ఆ ప్రశ్న మాకునూ ఉదయించినది. ఉదయించిన వెంటనే నిపుణుల సంఘమును నియమించితిమి. రాపిడి లేనిదే నిప్పు పుట్టదు. నిప్పు ఒక శక్తి. కావున కలహము లేనిదే అతీతశక్తి పుట్టదని సంఘము వారు నలభై పుటల నివేదిక సమర్పించినారు. ఇప్పుడు గుడిని ముందుకు జరిపినచో ఆ నలభై పుటలను ఏమి చేయమందురు?"

రుక్మాంగదం భ్రమరాంబ వైపు చూశాడు.

"ఇంతకీ మీ కుటుంబములో కలహములు గలవా?"

"లేవండీ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

రేషన్ కార్డు లేనివాళ్ళను చూసినట్టు జాలిగా చూశారు పరాంకుశం గారు. "దాచవలసిన పని లేదు. మీ వంటి సమర్థులు మరొకరు లేరు. కలహ ధ్రువీకరణ పత్రమొక్కటి జతపరిచినచో మీ దస్త్రము సంపూర్ణము. వచ్చే గురువారము విచారణకు వత్తును. ముగ్గురు సాక్షుల సమక్షమున కలహించి చూపవలెను."

అలా వాళ్ళకు నిండు డేరాలో నాటకమాడే అవకాశం మూడేళ్ళ తర్వాత మొదటిసారి వచ్చింది.

గురువారానికి రైల్వే గేటు దగ్గరి ఊరంతా డేరాలో ఉంది. టీకొట్టు వీరాస్వామి, రజక సంఘం ఓబులమ్మ, రిటైరైన డ్రిల్లు మాస్టారు సాక్షులు. ముందు వరసలో పరాంకుశం గారు కూర్చుని ఒళ్ళో రిజిస్టరు పెట్టుకున్నారు. వనజాక్షి కొంగు దోపి నడుం మీద చెయ్యి వేసుకుంది. భ్రమరాంబ ఎదురుగా నిలబడి జుట్టు ముడి బిగించింది.

పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రంగస్థలం మీద కోపమొస్తే పద్యమే వచ్చే నోళ్ళవి. వనజాక్షి "ఓసీ" అని మొదలుపెట్టి అలవాటు కొద్దీ గొంతు సవరించుకుంది. రుక్మాంగదం చెయ్యి దానంతటదే హార్మోనియం మీదికి పోయింది. ఇంకేముంది, తిట్టు కాస్తా మోహన రాగంలోకి తిరిగి, రెండో పాదం దగ్గర పైస్థాయికి ఎక్కింది. మూడో పాదం వనజాక్షికి గుర్తురాక ఆగితే, ఆమె తనను ఏమని తిట్టాలో భ్రమరాంబే లోగొంతుకతో అందించింది. ఆఖరున వనజాక్షి ఊపిరి బిగపట్టి ఆలాపన లాగితే జనం ఈలలేశారు. డ్రిల్లు మాస్టారు సాక్షినన్న సంగతి మరిచి లేచి నిలబడి "వన్స్ మోర్" అన్నాడు. అదే తిట్టు మళ్ళీ పాడక తప్పలేదు.

పరాంకుశం గారు రిజిస్టరులో ఇలా రాసుకున్నారు. 'కలహము రాగయుక్తముగా నున్నది. ప్రతిపక్షము వారు వాదిపక్షమునకు మాటలందించినారు. ప్రేక్షకులు ఆనందించినారు. కావున తిరస్కరించడమైనది.'

"అయితే ఇంతేనా అండీ?" అని భ్రమరాంబ దిగాలుగా అడిగింది.

"ఇంకొక మార్గము గలదు. లిఖితపూర్వక మార్గము," అని పరాంకుశం గారు సంచిలోంచి రెండు ఫారాలు తీశారు. "ఒకరిపై ఒకరు ఐదేసి ఫిర్యాదులు రాయవలెను. ఐదింటికి తగ్గరాదు. పరిశీలన పిమ్మట ఎవరి నకలు వారి ప్రతిపక్షమునకు చేరును."

ఆ మధ్యాహ్నం భ్రమరాంబ తులసికోట లాంటిదేమైనా ఉంటే దాని పక్కన కూర్చునేదేమో గానీ, డేరాలో అలాంటివి లేవు గనక బట్టల పెట్టె మీద కూర్చుని రాసింది. ఒకటి, అక్క పులుసులో ఉప్పెక్కువ వేయును. రెండు, నా దువ్వెన తీసుకుని ఇవ్వదు. మూడు, గుర్రు పెట్టును. నాలుగు, నేను గుర్రు పెట్టుదునని అందరికీ చెప్పును. నాలుగు రాసేసరికి ఆమెకే నవ్వొచ్చింది. ఐదోది ఎంత ఆలోచించినా తోచలేదు. బుర్ర గోక్కుంది, లేచి మంచినీళ్ళు తాగింది, వచ్చి కూర్చుంది. ఖాళీ గీత అలాగే ఉంది. అప్పుడు ఆమె చెయ్యి ఆమెను అడక్కుండానే రాసింది.

'ఐదు. ఇరవై రెండేండ్లుగా ఎగిరేది అక్కే. లాగేది నేనే. ఒక్కనాడూ నువ్వెగురుతావా అని అడగలేదు.'

రాశాక చదువుకుంటే కళ్ళ నీళ్ళు కాగితం మీద పడ్డాయి. కొట్టేద్దామనుకుంది. కొట్టివేతలున్న ఫారాలు చెల్లవని కింద అచ్చేసి ఉంది.

నకలు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. తోడికోడళ్ళిద్దరికీ మధ్య దూరం ఒక గుడ్డ తెర. అయినా నకలు నేలటూరిపాడు నుంచి జిల్లా కేంద్రానికి పోయి, ముద్ర వేయించుకుని, వారం తర్వాత తిరిగి నేలటూరిపాడు వచ్చింది. పోస్టుమాన్ వనజాక్షి చేత సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చాడు. ఆమె మొదటి నాలుగూ పైకి చదివి పకపకా నవ్వింది. "దువ్వెన నీదేంటే, నాదే గదా," అంది. ఐదోది పైకి చదవలేదు.

కాగితం నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

భ్రమరాంబ ఆ చుట్టుపక్కలే తచ్చాడింది. "అక్కా, ఫారం కోసం రాసిందే అది," అంది సాయంత్రం.

"ఫారం కోసం రాసేవాటికి ఏడుపు రాదే. అక్షరాలు అలుక్కుపోయున్నాయి చూడు," అంది వనజాక్షి. "ఇరవై రెండేళ్ళు ఒక్క చోట ఉండి, సంగతి నాకు జిల్లా ఆఫీసు చెప్పాలంటే."

మర్నాటి నుంచి రెండు పొయ్యిలయ్యాయి.

వనజాక్షి ఫారం మాత్రం తిరిగొచ్చింది. అందులో నాలుగే ఉన్నాయట. ఐదో గీత మీద 'ఒకటి ఉన్నది, చెప్పను' అని రాసిందట. మామూలుగా అయితే అది అసంపూర్ణం కింద పోవలసిందే. కానీ విచారణకు వచ్చిన పరాంకుశం గారు రెండు పొయ్యిలు చూశారు. భ్రమరాంబ మంచినీళ్ళ గ్లాసు అందిస్తే వనజాక్షి తీసుకోకపోవడం చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది కలహము! ఇరవయ్యారేండ్ల నా ఉద్యోగములో ఇంతటి స్వచ్ఛమైన మౌనమును చూడలేదు. చెప్పనన్నచో ఐదవది మిక్కిలి తీవ్రమైనదని భావించవచ్చును," అని మొదటి శ్రేణి ధ్రువపత్రం మంజూరు చేశారు. దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించారు. రుక్మాంగదం దాన్ని డేరా స్తంభానికి తగిలించాడు. ధారావాహిక ఖాయమైంది. డేరాలో మాత్రం ఒక్కరికీ నవ్వు లేదు.

భ్రమరాంబకు కోపమొచ్చింది. వనజాక్షి మీద కాదు. కలిసి ఉండడానికి విడిపోవలసి రావడమేమిటని, తన చెయ్యే తన కొంప ముంచడమేమిటని. ఉన్న మాటే గదా రాసింది. ఉన్న మాటని రాసినందుకే దోషిలా తల దించుకు తిరగాలా. అలా అనుకుంటూనే అక్క పొయ్యిలో నిప్పు ఆరిపోబోతుంటే చాటున వెళ్ళి ఎగదోసి వచ్చేది.

సరిగ్గా షూటింగుకు పది రోజులుందనగా మండలి పైవారెవరో సమీక్ష పెట్టి, మన సఖ్యతా కుటుంబం ఎంతవరకు వచ్చిందని అడిగారు. ఏ సఖ్యత అని అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ సాయంత్రమే సవరణ ఉత్తర్వు వెలువడింది. 'కలహించిన అని యున్న చోటులన్నింటను కలహించని అని చదువుకొనవలెను. నలభై పుటల నివేదికను సైతము అట్లే చదువుకొనవలెను.'

చదువుకుంటే నివేదిక కూడా చక్కగానే వచ్చిందట.

పరాంకుశం గారు ముఖం వేలాడేసుకుని వచ్చారు. "మొదటి శ్రేణి కలహపత్రము గలవారు ఇప్పుడు మొదటి శ్రేణి అనర్హులు. సోమవారము ఉదయము సఖ్యతా తనిఖీకి వత్తును. సఖ్యత కనబడినచో పాత పత్రము రద్దగును. కనబడనిచో మీ స్థానమున వేరొక కుటుంబము సిద్ధముగా నున్నది."

"ఎగిరే కుటుంబం ఇంకోటెక్కడిదండీ?" అన్నాడు కోదండం.

"ఎగరలేరు. కానీ వారి దస్త్రము నిష్కళంకము. ఆరు జిల్లాల నుండి ఆరుగురిని ఎంపిక చేసినాము. ఇంతవరకు ఒకరినొకరు చూడనే లేదు. కావున ఎన్నడునూ కలహించలేదు."

సోమవారం పొద్దున్నే రుక్మాంగదం, కోదండం బజారుకెళ్ళి పూలు, మిఠాయిలు తెచ్చారు. అధికారి రాగానే తోడికోడళ్ళు ఒకరి నోట్లో ఒకరు లడ్డూ పెట్టుకోవాలని వాళ్ళ పథకం. "ఒక్క నిమిషం నటించండమ్మా, మీకు చేతకానిదా," అని రుక్మాంగదం బతిమాలాడు.

"దేనికైనా నటిస్తాను గానీ దీనికి నటించను," అంది వనజాక్షి.

భ్రమరాంబ రంగస్థలం వెనక్కి వెళ్ళి కప్పీ కింద కూర్చుంది. ఆమెకు ఆ చోటే అలవాటు. తాడు కొస ఒళ్ళో పెట్టుకుని ఊరికే నిమురుతూ ఉంది. కాసేపటికి అడుగుల చప్పుడైంది. వనజాక్షి చేతిలో దేవత వేషపు తోలు పట్టీ ఉంది.

"లే," అంది.

"ఎందుకక్కా?"

"ఐదోది చెప్తా. లే ముందు." వనజాక్షి పట్టీని భ్రమరాంబ నడుముకు చుట్టి బకిల్సు పెడుతూ, ఆమె ముఖం చూడకుండానే మాట్లాడింది. "నాకు ఎత్తంటే చచ్చేంత భయమే. మొదటి రోజు నుంచీ భయమే. ధ్యానమా పాడా, భయానికి కళ్ళు మూసుకునేదాన్ని. తాడు నీ చేతిలో ఉందని ఒక్కటే ధైర్యం. నువ్వెగురుతావా అని అడిగితే, నువ్వు సరేనంటే, తాడు నేను పట్టుకోవాలి గదా. నీ అంత బాగా పట్టుకోగలనో లేదో అని అడగలేదు. అదీ నా మీద నా ఫిర్యాదు. ఫారంలో నీ మీదే రాయమన్నారు, అందుకే రాయలా."

భ్రమరాంబ తాడు కొస ఆమె చేతిలో పెట్టింది.

"ఊపిరి పీల్చుకో," అని వనజాక్షి అరచేతులకు తువ్వాలు చుట్టుకుని తాడు లాగింది.

లాగడం ఆమెకు కొత్త. తాడు ఒక్కసారిగా గుంజుకుని, ఆగి, మళ్ళీ గుంజుకుంది. భ్రమరాంబ రెండు మూడు కుదుపులతో, స్తంభానికి ఒక మోచెయ్యి కొట్టుకుని మరీ పైకి లేచింది. డేరా గుడ్డకున్న చిరుగుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. కింద వరసగా కుర్చీలు, పాత తెరలు, బావగారి బట్టతల. ఇరవై రెండేళ్ళుగా తను కింద నుంచి చూసిన చోటును ఆమె ఇప్పుడు పై నుంచి చూస్తోంది. కళ్ళు మాత్రం మూయలేదు. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు రెండూ గాలిలో చాచి ఉన్నాయి.

పరాంకుశం గారు లోపలికి వచ్చింది అప్పుడే. వచ్చినవారు వచ్చినచోటే నిలబడి రిజిస్టరు తెరిచారు. రాస్తూ పైకే చదివారు. "పెద్ద కోడలు చిన్న కోడలి నడుమునకు తాడు బిగించి ఇరవై అడుగుల ఎత్తున వేలాడదీసినది. చిన్న కోడలి మోచేతికి గాయము. కన్నీరు కార్చుచున్నది. పెద్ద కోడలు సైతము పండ్లు బిగించి యున్నది. సఖ్యత..."

"అయ్యా, అయ్యా, అదే సఖ్యతండీ," అని రుక్మాంగదం మిఠాయి పొట్లంతో ఎదురెళ్ళాడు.

"నాకు కనబడినది రాయవలెను గదా. పోనిండు, నేనును మనిషినే. ఒక్క పని చేయుడు. ఆమెను తక్షణమే కిందికి దించినచో ఇది వదిలివేసి, సఖ్యత కలదని రాసెదను. ధారావాహిక మీదే." ఆయన కలం గాలిలోనే ఆగి ఉంది.

డేరాలో అందరూ వనజాక్షి వైపు చూశారు. తువ్వాలు జారిపోయి ఆమె అరచేతులు అప్పటికే ఎర్రగా కమిలాయి. ఆమె ఎవరినీ చూడలేదు. తల పైకెత్తింది.

"విన్నావా ఆయన మాట? దించనా?"

భ్రమరాంబ పై నుంచి స్తంభానికి వేలాడుతున్న ప్లాస్టిక్ తొడుగు పత్రాన్నీ, దాని పక్కన కలం పట్టుకుని నిలబడ్డ పరాంకుశం గారినీ, ఆయన వెనక మిఠాయి పొట్లాన్నీ చూసింది. అంత ఎత్తు నుంచి అవన్నీ చిన్నగా కనిపించాయి.

"ఇంకొంచెం పైకి లాగక్కా," అంది.